మొరిగే ఎర్రర్ కరవదు: పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చేటప్పుడు అసలు చిక్కు ఎక్కడుంది

ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని ప్రోగ్రాం ఒకటి మీ చేతికొచ్చింది. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. పాత మెషీన్‌లో అది చక్కగా నడుస్తోంది. భాష కొత్త వెర్షన్ ఉన్న మెషీన్‌లోకి కాపీ చేసి రన్ కొట్టగానే మూడో లైన్‌లో సింటాక్స్ ఎర్రర్. మీరు ఒక్క అక్షరం కూడా మార్చలేదు. నిన్నటిదాకా ఒప్పుకున్న వాక్యాన్నే ఇవాళ తప్పంటోంది.

చాలామందికి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. నన్నడిగితే ఇది టెన్షన్ పడాల్సిన చోటు కాదు. ఇలాంటివి రెండు వందలు వచ్చినా కూర్చుని సర్దేయొచ్చు. ఒక్క ఎర్రర్ కూడా రాకుండా ప్రోగ్రాం మొదటి నుంచి చివరి దాకా నడిచి, జవాబు మాత్రం మారిపోయిన రోజు అసలు కథ మొదలవుతుంది. ఆ తేడా వారాల తర్వాత గానీ బయటపడదు. దాన్ని పట్టుకునేది కూడా మనం కాదు, ఆ లెక్క మీద ఆధారపడ్డ వాళ్లెవరో. మొరిగే కుక్క కరవదన్న సామెత కంపైలర్లకు, అంటే మన కోడ్‌ను చదివి మెషీన్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాంలకు, భలే అతుకుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ప్రోగ్రామింగ్ భాష మన కోడ్‌ను ఎలా చదువుతుందో కొంచెం చూడాలి. మొదట పార్సర్ వస్తుంది. మనం టైప్ చేసిన అక్షరాల వరసను ముక్కలు చేసి, ఏది ఆపరేటర్, ఏది పేరు, ఏది దేని కిందికి వస్తుందో తేల్చి, ఒక చెట్టులాంటి నిర్మాణం కడుతుంది. ఆ చెట్టులోని ఒక్కో కొమ్మకు ఏం చేయాలన్నది తర్వాతి దశ. వెర్షన్ మారితే ఈ రెండు దశల్లో దేనిలోనైనా మార్పు రావచ్చు. పాత వాక్యానికి చెట్టే కట్టలేకపోతే పార్సర్ అరుస్తుంది. చెట్టు కట్టింది కానీ కొమ్మకు అర్థం మారిందంటే అరిచేవాళ్లెవరూ ఉండరు. అరుదుగా ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. అవే అక్షరాలకు కొత్త పార్సర్ వేరే ఆకారంలో చెట్టు కడుతుంది. అప్పుడూ నిశ్శబ్దమే.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రెండో వెర్షన్ నుంచి మూడోదానికి మారినప్పుడు ఈ రకాలన్నీ దొరుకుతాయి. అందుకే ఎక్కువ ఉదాహరణలు అక్కణ్నుంచే తీసుకుంటాను.

పైథాన్ 3.0 వచ్చింది 2008 డిసెంబర్‌లో. అందరికీ గుర్తుండిపోయిన మార్పు ప్రింట్. పాత భాషలో అది ఒక స్టేట్‌మెంట్. ప్రింట్ అని రాసి, ఖాళీ వదిలి, చూపించాల్సింది రాస్తే చాలు. కొత్త భాషలో అది మామూలు ఫంక్షన్, బ్రాకెట్లు తప్పనిసరి. పాత పద్ధతిలో రాస్తే ఇప్పటి పైథాన్ ఎర్రర్ చూపించడమే కాదు, బ్రాకెట్లు మర్చిపోయావని కూడా చెబుతుంది. ఈ మార్పు మీద జనం చేసినంత గొడవ ఇంకే మార్పు మీదా చేయలేదు. నిజానికి అన్నిటికంటే నిరపాయమైనది ఇదే.

అందులోనూ ఒక చిన్న మెలిక ఉంది. ప్రింట్ తర్వాత బ్రాకెట్లలో (1, 2) అని రాస్తే రెండు వెర్షన్లూ ఒప్పుకుంటాయి. పైథాన్ 3కి అవి ఫంక్షన్‌కు ఇచ్చిన రెండు విలువలు. కాబట్టి 1 2 అని వస్తుంది. పైథాన్ 2కి ఆ బ్రాకెట్లు ఫంక్షన్‌వి కావు, ఒక ట్యూపుల్‌వి, అంటే కొన్ని విలువలను కలిపి కట్టిన మూటవి. కాబట్టి బ్రాకెట్లు, కామాతో సహా (1, 2) అని వస్తుంది. అక్షరాలు అవే, కట్టిన చెట్టు వేరు. తెర మీద చూసుకునే మెసేజ్ అయితే పోనీలే అనుకోవచ్చు. ఆ అవుట్‌పుట్‌ను ఇంకో ప్రోగ్రాం చదువుతుంటే మాత్రం గొడవే.

ఇక భాగహారం. పైథాన్ 2లో 7 / 2 అంటే 3. రెండు వైపులా పూర్ణాంకాలుంటే భిన్నభాగాన్ని వదిలేసి జవాబూ పూర్ణాంకంగానే ఇచ్చేది. పైథాన్ 3లో అదే 7 / 2 అంటే 3.5. పాత జవాబు కావాలంటే 7 // 2 అని రెండు గీతలతో రాయాలి. ఈ మార్పు రాత్రికి రాత్రి రాలేదు. 2001లోనే పైథాన్ 2.2లో రెండు గీతల ఆపరేటర్‌ను తెచ్చారు. ఫైల్ మొదట్లో 'ఫ్యూచర్' అనే మాడ్యూల్ నుంచి డివిజన్‌ను ఇంపోర్ట్ చేసుకుంటే కొత్త అర్థం ముందే వచ్చేలా ఏర్పాటు కూడా చేశారు. పాతికమందిలో ఒకరైనా వాడారా అంటే నాకు అనుమానమే. నడుస్తున్న కోడ్‌కు ముందుచూపు ఎవరికి కావాలి?

ఈ మార్పు నన్ను కరిచింది. ఒక రిపోర్టులో, పూర్తయిన పనుల్ని వందతో గుణించి మొత్తం పనులతో భాగించి, ఆ శాతం 66 దాటితే ఒక జాబితాలో చేర్చే కోడ్ ఉండేది. 3 పనుల్లో 2 పూర్తయ్యాయనుకోండి. పాత లెక్కలో శాతం సరిగ్గా 66. 66 దాటలేదు కాబట్టి జాబితాలో లేదు. కొత్త వెర్షన్‌లో అదే శాతం 66.67 దాకా పోయింది, దాటింది, జాబితాలో చేరింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. జాబితా కొంచెం పొడుగైంది, అంతే. అదే ప్రోగ్రాంలో ఇంకోచోట జాబితా మధ్యలోని అంశాన్ని తీయడానికి మొత్తం సంఖ్యను రెండుతో భాగించి ఇండెక్స్‌గా, అంటే ఎన్నో స్థానమో చెప్పే సంఖ్యగా, వాడారు. అక్కడ మాత్రం ప్రోగ్రాం ఠక్కున ఆగిపోయింది, ఇండెక్స్‌గా దశాంశ సంఖ్య కుదరదని. ఒకే గుర్తు, ఒకే ఫైలు. ఒకచోట మొరిగింది, ఇంకోచోట కరిచింది.

టెక్స్ట్ విషయంలోనూ అంతే. 'తెలుగు' అన్న మాటను మామూలు కొటేషన్ గుర్తుల్లో రాసి పొడవెంత అని పైథాన్ 3ని అడిగితే 6 అంటుంది. గుణింతపు గుర్తులతో కలిపి అందులో ఆరు యూనికోడ్ సంకేతాలున్నాయి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేసిన ఫైల్‌తో పైథాన్ 2 అయితే 18 అంటుంది, ఎందుకంటే అది లెక్కపెట్టేది బైట్లను, ఒక్కో సంకేతానికి మూడు. మొదటి మూడింటిని కత్తిరించమంటే పాతది 'త' ఇస్తుంది, కొత్తది 'తెల' ఇస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో మాత్రమే టెస్ట్ చేసినవాళ్లకు ఈ తేడా కనిపించనే కనిపించదు. అక్కడ ఒక అక్షరానికి ఒక బైటే కదా.

రౌండ్ ఫంక్షన్ ఇంకా సన్నని ముల్లు. 2.5ను రౌండ్ చేస్తే పాత పైథాన్ 3 ఇచ్చేది. కొత్తది 2 ఇస్తుంది, సరిగ్గా మధ్యలో ఉంటే దగ్గరి సరి సంఖ్య వైపు మొగ్గుతుంది కాబట్టి. లెక్కల పద్దులు నడిపేవాళ్లు దీన్ని గోడ మీద రాసి పెట్టుకోవాలి.

ఉన్న అర్థాన్ని మార్చాలా, ఆ రాతనే నిషేధించాలా

భాష తయారుచేసేవాళ్లకు ఇక్కడ ఒక ఎంపిక ఉంటుంది. పాత రాత బాగాలేదని తేలినప్పుడు దానికి కొత్త అర్థం ఇవ్వొచ్చు, లేదా ఆ రాతనే పూర్తిగా తప్పని ప్రకటించవచ్చు. రెండోది వినడానికి కఠినంగా ఉంటుంది, కానీ దయగల పని అదే.

పాత పైథాన్‌లో సున్నాతో మొదలయ్యే సంఖ్య ఆక్టల్, అంటే ఎనిమిది ఆధారంగా లెక్కించేది. 0777 అని రాస్తే దాని విలువ 511. చూసేవాళ్లంతా ఏడు వందల డెబ్బై ఏడనుకుంటారు. పైథాన్ 3లో దాన్ని నిజంగానే 777 చేసేయొచ్చు. చేయలేదు, తప్పన్నారు. ఆక్టల్ కావాలంటే సున్నా తర్వాత 'ఓ' అక్షరం పెట్టి రాయాలి. ఫైల్ పర్మిషన్లు ఇచ్చే ఎన్ని పాత స్క్రిప్టులు దీనివల్ల బతికిపోయాయో! ఎర్రర్లను పట్టుకునే ఎక్సెప్ట్ లైన్‌లో కామా తీసేసి 'యాజ్' పెట్టడం కూడా అలాంటిదే. పాత పద్ధతిలో రెండు రకాల ఎర్రర్లను పట్టుకుందామని బ్రాకెట్లు లేకుండా మధ్యలో కామా పెడితే, పైథాన్ మొదటిదాన్ని మాత్రమే పట్టుకుని, దాన్ని తీసుకెళ్లి రెండోదాని పేరు మీద దాచేది. రాసినవాడికి రెండూ పట్టుకుంటున్నానన్న భ్రమ. ట్యాబ్ వెడల్పును బట్టి అర్థం మారిపోయేలా ట్యాబులు, స్పేసులు కలిపి ఇండెంట్ చేసిన కోడ్‌ను కూడా పైథాన్ 3 తిప్పికొడుతుంది. పాతది ట్యాబ్‌ను ఎనిమిది స్థానాల లెక్కన సర్దుకునేది. మీ ఎడిటర్ నాలుగుగా చూపిస్తుంటే, ఒక లైన్ ఏ లూప్‌లో ఉందన్న విషయంలో మీ కంటికీ పైథాన్‌కీ పొత్తు కుదిరేది కాదు.

పీహెచ్‌పీ అనే వెబ్ భాషలో రెండు రకాల నిర్ణయాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ప్రశ్నార్థకం, కోలన్‌తో రాసే షరతును ఒకదాని పక్కన ఒకటి పేర్చితే మిగతా భాషలు చాలావరకు కుడివైపు నుంచి కలుపుతాయి. పీహెచ్‌పీ ఎడమ నుంచి కలిపేది. దీన్ని సరిచేయాలనుకున్నప్పుడు అర్థాన్ని గుట్టుగా తిప్పేయలేదు. 2019లో 7.4తో హెచ్చరించి, 2020లో 8.0తో బ్రాకెట్లు లేకుండా అలా పేర్చడాన్నే నిషేధించారు. మరి అదే 8.0లో, సున్నాను అంకెలు లేని స్ట్రింగ్‌తో, అంటే అక్షరాల వరసతో, రెండు సమాన గుర్తులు పెట్టి పోలిస్తే వచ్చే జవాబును మాత్రం మార్చేశారు. అంతకుముందు స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చి, అది సున్నా అయి, రెండూ సమానమే అనేది. ఇప్పుడు కాదంటుంది. కొత్త జవాబే తెలివైనది, అందులో అనుమానం లేదు. కానీ లాగిన్ చెక్ లాంటి చోట పాత జవాబును నమ్ముకున్న ఇఫ్ ఒకటుంటే, అది దారి మార్చుకున్నట్టు ఎవరూ చెప్పరు.

సీ భాషలో ఒక పాత పజిల్ ఉంది. ఈ రెండు లైన్లకు విలువెంత?

10 //**/ 2
;

1989 నాటి సీలో రెండు గీతలతో మొదలయ్యే కామెంట్, అంటే కంపైలర్ పట్టించుకోని రాత, లేదు. కాబట్టి మొదటి గీత భాగహారం, ఆ తర్వాతి /**/ ఖాళీ కామెంట్, మిగిలింది 10 / 2, జవాబు 5. 1999 ప్రమాణంలో రెండు గీతలు వస్తే లైన్ చివరిదాకా కామెంటే. కాబట్టి జవాబు 10. ఇలా ఎవరు రాస్తారు అంటారా? ఎవరూ రాయరు. కానీ ఒక చిన్న సౌకర్యాన్ని చేర్చినా, తప్పులేని పాత ప్రోగ్రాం అర్థం మారిపోవచ్చని ఇంత పొట్టిగా చూపించే ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు.

పేర్లు లాక్కోవడం

కొత్త కీవర్డ్ చేర్చడమంటే, నిన్నటిదాకా ఎవరైనా పెట్టుకోగలిగిన పేరును భాష తనకోసం లాక్కోవడం. జావా 2004లో ఐదో వెర్షన్‌తో 'ఈనమ్' అనే మాటను కీవర్డ్ చేసింది. అప్పటికే ఎన్యూమరేషన్ ఆబ్జెక్టులను తిప్పే లూపుల్లో వేరియబుల్‌కు ముద్దుగా ఆ పేరే పెట్టుకోవడం అలవాటు. ఆ కోడంతా కంపైల్ కాకుండా పోయింది. సీ భాషలో బూల్, ట్రూ, ఫాల్స్ అనే మాటలను జనం తరాలుగా ఎవరికివారు నిర్వచించుకుని వాడుకున్నారు. సీ23 ప్రమాణంలో అవే అసలైన కీవర్డ్‌లయ్యాయి. 2025లో జీసీసీ అనే సీ కంపైలర్ 15వ వెర్షన్ ఆ ప్రమాణాన్నే డిఫాల్ట్ చేయడంతో, ముట్టుకోని పాత ప్రాజెక్టులు కూడా బిల్డ్ కాలేదు.

పైథాన్‌లో 'అసింక్' కథ ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది. 2015లో 3.5తో వచ్చినప్పుడు అది అసింక్ ఫంక్షన్ల దగ్గర మాత్రమే ప్రత్యేకం, మిగతాచోట మామూలు పేరే. 2018లో 3.7 వచ్చేసరికి పూర్తి కీవర్డ్ అయింది. ఆ పేరుతో పారామీటర్లు, చివరికి మాడ్యూళ్లు కూడా పెట్టుకున్న లైబ్రరీలు ఒక్కసారిగా కూలాయి. గమనించాల్సింది ఏమిటంటే, మీ కోడ్‌లో ఆ మాట ఎక్కడా లేకపోయినా మీ ప్రోగ్రాం ఆగిపోతుంది. మీరు ఇంపోర్ట్ చేసిన లైబ్రరీలో ఏ మూలో ఉంటే చాలు. సింటాక్స్ ఎర్రర్ ఆ ఒక్క లైన్‌తో ఆగదు, ఫైల్ మొత్తాన్ని పార్స్ కాకుండా చేస్తుంది. ఈ దెబ్బ తర్వాత 2021లో 3.10తో 'మ్యాచ్' తెచ్చినప్పుడు దాన్ని సాఫ్ట్ కీవర్డ్‌గా ఉంచారు. వాక్యం మొదట్లో, తగిన ఆకారంలో వస్తేనే ప్రత్యేకం, లేకపోతే ఎవరైనా పెట్టుకోగల పేరు. అంతకు ముందటి ఏడాది 3.9లో పార్సర్‌నే కొత్తగా రాయడం వల్ల ఇది సాధ్యమైంది. పాత పార్సర్‌కు ముందున్న ఒకే ఒక్క మాటను చూసి నిర్ణయం తీసుకునే శక్తే ఉండేది.

ఇంకొన్ని భాషలు చిక్కును అసలు మొదట్లోనే విప్పాయి. ఏ వెర్షన్ నియమాలతో చదవాలో కోడే చెప్పాలన్నాయి. రస్ట్‌లో 2015, 2018, 2021, 2024 అని ఎడిషన్లున్నాయి. ఒకే ప్రోగ్రాంలో ఒక లైబ్రరీ 2015 నియమాలతో, ఇంకోటి 2021 నియమాలతో కలిసి బతుకుతాయి. గో భాష 2012లోనే పాత కోడ్‌ను విరగ్గొట్టనని మాటిచ్చింది. ఫర్ లూప్ వేరియబుల్ అర్థాన్ని 2024లో 1.22తో మార్చాల్సి వచ్చినప్పుడు, మాడ్యూల్ ఫైల్‌లో 1.22 లేదా ఆపై వెర్షన్ రాసుకున్నవాళ్లకే కొత్త అర్థం ఇచ్చింది. జావాస్క్రిప్ట్‌కు ఆ వీలు కూడా లేదు. వెబ్‌లో ఉన్న పాత పేజీలను ఎవరూ తిరిగి రాయరు. అందుకే నియమాలను కఠినం చేసే స్ట్రిక్ట్ మోడ్‌ను ఆన్ చేసే ఆదేశాన్ని ఒక ఉత్త స్ట్రింగ్‌గా పెట్టారు. అర్థమైన ఇంజిన్ పాటిస్తుంది, పాత ఇంజిన్‌కు అది పనిలేని స్ట్రింగ్, చదివి పక్కన పెడుతుంది. 'నల్' ఏ రకమని అడిగితే ఆ భాష ఇప్పటికీ 'ఆబ్జెక్ట్' అని తప్పు చెబుతుంది. దిద్దితే ఎక్కడెక్కడ ఏం కూలుతుందోనని అలాగే వదిలేశారు.

టూల్ ఎంతవరకు చేస్తుంది

పైథాన్ 3తోపాటే 2టు3 అనే మార్పిడి టూల్ ఇచ్చారు. ప్రింట్‌కు బ్రాకెట్లు పెట్టడం, కామా బదులు యాజ్ పెట్టడం లాంటివి అది నిమిషాల్లో చేసేది. కానీ 7 / 2 దగ్గర కాకపోయినా, రెండు వేరియబుళ్ల మధ్య ఒక గీత ఉన్నప్పుడు అది చేతులెత్తేయాల్సిందే. ఆ వేరియబుళ్లలో పూర్ణాంకాలున్నాయా, దశాంశాలున్నాయా అన్నది చెట్టులో కనిపించదు. ప్రోగ్రాం నడిచినప్పుడే తేలుతుంది. అంటే మొరిగే తప్పులను టూల్ చూసుకుంటుంది, కరిచేవి మనకు మిగులుతాయి. టూల్‌ను తిట్టి లాభం లేదు.

ఇంకో సంగతి ఆ టూల్ ఇచ్చినవాళ్లు కూడా ముందు ఊహించలేదనిపిస్తుంది. ఒకేసారి పాతది వదిలి కొత్తదానికి దూకడం పెద్ద ప్రాజెక్టుల వల్ల కాలేదు. రెండు వెర్షన్లలోనూ నడిచే ఒకే కోడ్ రాయడమే చివరికి దారి అయింది. అందుకోసం పుట్టిన లైబ్రరీ పేరు 'సిక్స్', రెండు మూళ్లు ఆరు. యూనికోడ్ స్ట్రింగ్‌కు ముందు పెట్టే 'యు' అక్షరాన్ని 3.0లో తీసేశారు. దానివల్ల ఉమ్మడి కోడ్ రాయడం నరకమైందని 2012లో 3.3తో తిరిగి తెచ్చారు. దానితో కొత్త భాషకు ఏ ఉపయోగమూ లేదు, వలస వచ్చేవాళ్ల కోసం తలుపు తెరిచి ఉంచడానికి మాత్రమే. పైథాన్ 2కు మద్దతు ముగిసే గడువు కూడా 2015 నుంచి 2020కి జరిగింది. 2టు3 టూల్ 2024లో 3.13తో పైథాన్ నుంచే వెళ్లిపోయింది.

కాబట్టి చేతిలో పాత కోడ్ ఉంటే నేనైతే మొదట పాత భాషలోనే ఉండి, దాని చివరి వెర్షన్‌కు వెళ్తాను. పైథాన్ 2.7కు -3 అనే స్విచ్ ఇస్తే, ముందుముందు ఏది చెడుతుందో అదే హెచ్చరిస్తుంది. వార్నింగులు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోవడం మర్చిపోకండి. ఫలానాది ముందుముందు తీసేస్తామని చెప్పే డిప్రికేషన్ వార్నింగులను 2.7 మామూలుగా దాచేస్తుంది. తర్వాత, పాత ప్రోగ్రాం ఇంకా నడుస్తుండగానే నిజమైన ఇన్‌పుట్‌లు కొన్ని ఇచ్చి, వచ్చిన అవుట్‌పుట్‌లను యథాతథంగా దాచుకుంటాను. టెస్టులు లేని కోడ్‌కు ఇంతకంటే చవకైన టెస్ట్ లేదు. పాత మెషీన్ ఆపేశాక ఈ అవకాశం మళ్లీ రాదు. టూల్ చేసిన మార్పులు ఒక కమిట్, అంటే విడిగా సేవ్ చేసిన మార్పుల మూట, చేతితో చేసినవి ఇంకో కమిట్. కలిపితే, వేల లైన్ల బ్రాకెట్ల మార్పుల మధ్య ఒక్క గీత మార్పును రివ్యూలో ఎవరూ చూడలేరు.

మారుస్తున్నప్పుడు కనబడ్డ బగ్గులను అక్కడికక్కడే దిద్దాలన్న దురద పుడుతుంది. ఆపుకోవాలి. పాత జవాబు, కొత్త జవాబు ఒకటే కావడం ఈ దశలో మనకున్న ఒకే ఒక కొలబద్ద. నా 66 శాతం లెక్కలోనూ ముందు రెండు గీతలు పెట్టి పాత జవాబునే తిరిగి రప్పించాను. ఆ తర్వాత రిపోర్టు వాడేవాళ్ల దగ్గరికెళ్లి, అసలు 66 ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగాను. వాళ్ల నియమంలో 66 అనే అంకె లేనే లేదు. మూడింట రెండు వంతులు, లేదా అంతకు మించి పూర్తయితే జాబితాలో చేర్చాలి, అంతే. అంటే పాత కోడ్ ఇన్నేళ్లూ 3కి 2 పూర్తి చేసినవాళ్లను అన్యాయంగా వదిలేస్తోంది. కొత్త వెర్షన్ వాళ్లను చేర్చింది కానీ, 98కి 65 పూర్తి చేసినవాళ్లను కూడా చేర్చింది. వాళ్లది 66.33 శాతం, మూడింట రెండు వంతులకు తక్కువ. రెండు వెర్షన్లూ తప్పే, తప్పు తీరు వేరు. పూర్తయిన పనులను 3తో, మొత్తం పనులను 2తో గుణించి, మొదటిది రెండోదానికి సమానమో ఎక్కువో అయితే చేర్చమని రాశాను. అందులో భాగహారమే లేదు, పైథాన్ 2లో నడిపినా 3లో నడిపినా అదే జాబితా వస్తుంది.